కారు బాడీ బయట కట్టించాలా, సొంతంగా చేసుకోవాలా, కట్టేవాణ్ణే కొనెయ్యాలా?

లారీ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కంపెనీ మనకిచ్చేది ఛాసిస్, అంటే ఇంజను, చక్రాలు ఉన్న కింది భాగం, మిగతాది ఆటోనగర్‌లో కట్టించుకోవాలి. మా బాబాయి మొదటి లారీకి విజయవాడలో బాడీ కట్టించినప్పుడు షెడ్డువాళ్ళు చెప్పిన గడువు మీద ఇంకో నెల దాటింది, ఈలోపు ఫైనాన్స్ కిస్తీ మొదలైపోయింది, ఛాసిస్ మాత్రం ఎండలో అలాగే నిలబడి ఉంది. "డబ్బు కట్టింది మనం, బండి మనదే, కానీ బాడీ రాకపోతే అది బండి కాదురా" అని బాబాయి అన్నమాట నాకు అలాగే గుర్తుండిపోయింది. తర్వాత అమెరికా తొలినాటి కార్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఫోర్డ్, జనరల్ మోటార్స్, ప్యాకర్డ్ లాంటి కంపెనీలు కూడా ముప్ఫై నలభై ఏళ్ళు ఇదే టెన్షన్ పడ్డాయని. బాడీ బయటివాడి చేత కట్టించడమా, మనమే చేసుకోవడమా, లేకపోతే ఆ కట్టేవాడి కంపెనీనే కొనెయ్యడమా? మూడు దార్లూ తొక్కినవాళ్ళున్నారు, మూడింట్లోనూ బాగుపడ్డవాళ్ళు, దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: బాడీ చెక్కతో చేసినన్నాళ్ళు బయట కట్టించడమే మేలు, ఉక్కు అచ్చులు వచ్చాక లెక్క తిరగబడింది. ఎందుకో చూద్దాం.

1903లో ఫోర్డ్ కంపెనీ మొదటి కార్లు అమ్మినప్పుడు అందులో ఫోర్డ్ షాపులో తయారైంది చాలా తక్కువ. ఇంజను, గేర్లు, ఇరుసులతో సహా కింది భాగం మొత్తం డాడ్జ్ అన్నదమ్ముల దగ్గర్నుంచి, ఒక్కోటి 250 డాలర్ల చొప్పున 650 సెట్లకు ఒప్పందం. బాడీ డెట్రాయిట్‌లోనే సి.ఆర్. విల్సన్ అనే గుర్రపు బగ్గీల కంపెనీ నుంచి 52 డాలర్లకు, సీట్ల మెత్తలు 16 డాలర్లకు. కారు ధర 750 డాలర్లు. అంటే ఫోర్డ్ చేసిన పని ముఖ్యంగా జోడించడం, అమ్మడం. దాన్ని తక్కువ చేసి చూడకండి, చేతిలో డబ్బు లేని కంపెనీకి అంతకంటే తెలివైన దారి లేదు. సరుకు అరువు మీద వస్తుంది, కారు డీలరుకి రొక్కానికి పోతుంది, ఆ మధ్య గడువులోనే వ్యాపారం నడుస్తుంది.

పైగా ఆ రోజుల్లో బాడీ అంటే వడ్రంగి పని. గట్టి కర్రతో చట్రం, దాని మీద చెక్క పలకలో పల్చటి రేకో, ఆ పైన పూత మీద పూత వార్నిష్. ఒక పూత ఆరాలి, రుద్దాలి, మళ్ళీ పూయాలి, మొత్తం రంగు పనికే వారాలు పట్టేది. అన్ని వారాలు బాడీలు ఆరబెట్టడానికి ఎంత పెద్ద షెడ్డు కావాలో ఊహించండి. బగ్గీలు చేసేవాళ్ళకి ఆ షెడ్లున్నాయి, కర్ర నిల్వలున్నాయి, తరాలుగా పనిచేస్తున్న మనుషులున్నారు. ఒక షాపువాడు ఆలస్యం చేస్తే ఇంకో షాపుకి పోవచ్చు, ఎందుకంటే ఆ పనితనం ఏ ఒక్కడి సొత్తూ కాదు. మోడల్ టి కాలంలో ఫోర్డ్ ఒకే రకం బాడీని చాలామంది దగ్గర కొనేవాడు, పాంటియాక్ ఊళ్ళో బ్యూడెట్ ఒకడు, ఫిషర్ వాళ్ళు కూడా కొన్నాళ్ళు చేసిచ్చారు. ఒకడి బాడీకి ఇంకొకడి బాడీకి చిన్న చిన్న తేడాలుండేవి, అయినా నడిచిపోయేది. ఈ దశలో సొంతంగా బాడీ షాపు పెట్టడం అంటే డబ్బు తీసుకెళ్ళి కర్రలోనూ వార్నిష్‌లోనూ ఆరబెట్టుకోవడమే.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. బాడీ గురించి కొత్త ఆలోచన కారు కంపెనీల్లో కాదు, బయటి షాపుల్లోనే పుట్టింది. ఒహాయోలో నార్వాక్ అనే ఊళ్ళో బగ్గీలు చేసే కమ్మరి కుటుంబం నుంచి వచ్చిన ఫ్రెడ్ ఫిషర్ ముందు ఆ సి.ఆర్. విల్సన్ షాపులోనే పనిచేశాడు. 1908 జూలైలో తమ్ముడు చార్లెస్‌తో, చిన్నాన్న ఆల్బర్ట్‌తో కలిసి డెట్రాయిట్‌లో ఫిషర్ బాడీ కంపెనీ పెట్టాడు. తర్వాత మిగతా తమ్ముళ్ళు కూడా వచ్చి చేరారు, మొత్తం ఏడుగురు అన్నదమ్ములు. కారు బాడీ అంటే బగ్గీ బాడీ కాదని, ఆ వేగానికి, ఆ అదురుకి తట్టుకునేలా వేరేగా కట్టాలని వాళ్ళు పట్టుకున్నారు. అందరూ గుడ్డ టాపు కార్లు అమ్ముతున్న రోజుల్లో తలుపులు, అద్దాలు, కప్పు ఉన్న మూసిన బాడీ మీద పందెం కాశారు. 1910లో జనరల్ మోటార్స్ వాళ్ళ ఖరీదైన కార్ల విభాగం క్యాడిలాక్ నుంచి 150 మూసిన బాడీలకి ఆర్డరు వచ్చింది. ఇవాళ 150 అంటే ఏమీ కాదు, అప్పట్లో ఆ రకం బాడీకి అంత ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు. క్యాడిలాక్ సొంతంగా బాడీ చేసుకుంటూ కూర్చుంటే ఈ పని ఇంత త్వరగా అయ్యేది కాదని నా నమ్మకం.

ఇక ఉక్కు సంగతి. ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ బడ్ అనే ఆయన, రైలుపెట్టెలకి రేకు సీట్లు చేసే కంపెనీలో పనిచేసి, 1912లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ఆయన దగ్గర జోసెఫ్ లెడ్వింకా అని వియన్నాలో పుట్టిన ఇంజనీరు ఉండేవాడు. వీళ్ళ పంతం ఒక్కటే: కర్ర చట్రం లేకుండా బాడీ మొత్తం ఉక్కు రేకుతో, ప్రెస్సులో వొత్తి, ముక్కలు వెల్డింగ్ చేసి కట్టడం. చాలా కంపెనీలు నమ్మలేదు. నమ్మినవాళ్ళలో ముఖ్యులు డాడ్జ్ అన్నదమ్ములు, ఫోర్డ్‌కి కింది భాగాలు చేసిచ్చిన ఆ డాడ్జ్‌లే. 1914లో తమ సొంత పేరుతో కారు మొదలుపెట్టినప్పుడు బడ్‌కి 5,000 ఉక్కు బాడీలకి ఆర్డరిచ్చారు.

చెక్క బాడీ, ఉక్కు బాడీ పక్కపక్కన పెట్టి చూడండి. చెక్క బాడీని వేడి కొలిమిలో పెడితే కర్ర పగులుతుంది, జిగురు వదిలేస్తుంది, అందుకే అది గాలికి ఆరాల్సిందే. ఉక్కు బాడీకి ఎనామిల్ పూసి ఓవెన్‌లో కాలిస్తే గంటల్లో పనైపోతుంది. చెక్క బాడీ గతుకుల్లో కిర్రుమంటుంది, అతుకులు వదులవుతాయి, వెల్డింగ్ చేసిన ఉక్కు అలా వదులు కాదు. (రంగు విషయంలో చెక్కకి కూడా తర్వాత దారి దొరికింది, డ్యూపాంట్ వాళ్ళ డ్యూకో పెయింట్ 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద వచ్చాక వారాల పని గంటలకి దిగింది.) ఇన్ని లాభాలున్నా ఉక్కుకి ఒక పెద్ద ఖర్చుంది, ప్రెస్సులో రేకుని వొత్తే అచ్చులు. వర్క్‌షాపుల్లో డైలు అంటారు. మొదటి బాడీ బయటికి రాకముందే వాటికి భారీగా డబ్బు పెట్టాలి, పైగా ఒక కారు తలుపు కోసం చేసిన డై ఇంకో కారు తలుపుకి పనికిరాదు.

అసలు మలుపు ఇక్కడే. వడ్రంగి ఈ రోజు మీ బాడీ చేసి రేపు ఇంకొకడిది చెయ్యగలడు, డై అలా కాదు. డబ్బు పెట్టి డైలు చేయించాక కట్టించుకునేవాడు వేరే షాపుకి పోలేడు, ఏడాది మధ్యలో కొత్త డైలు ఎక్కణ్ణుంచి వస్తాయి? కట్టేవాడు కూడా వేరే కారు వెతుక్కోలేడు. ఇద్దరి జుట్టూ ఒకరిది ఇంకొకరి చేతిలో. ఎవరికి అవసరం ఎక్కువుంటే వాళ్ళు ముందు వంగాలి.

జనరల్ మోటార్స్ చేసిన పని ఇక్కడే అర్థమవుతుంది. 1919లో వాళ్ళు ఫిషర్ బాడీలో 60 శాతం కొన్నారు, 3 లక్షల కొత్త షేర్లు, 2.76 కోట్ల డాలర్లు. దాంతోపాటు పదేళ్ళ ఒప్పందం: బాడీ ధర అంటే తయారీ ఖర్చు, దాని మీద 17.6 శాతం. సమయం చూసి కొన్నారనే చెప్పాలి, ఎందుకంటే 1919లో అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో మూసిన బాడీవి పదో వంతు, 1924కి 43 శాతం, 1927కి 85 శాతం. బాడీ లేకపోతే కారు అమ్మలేని రోజులు ముంచుకొస్తున్నాయి. 1926లో మిగతా వాటా కూడా కొనేశారు.

మిగతా 40 శాతం ఎందుకు కొన్నారన్నదాని మీద ఆర్థికవేత్తలు దశాబ్దాల తరబడి కొట్టుకున్నారు. 1978లో బెంజమిన్ క్లీన్, రాబర్ట్ క్రాఫర్డ్, ఆర్మెన్ ఆల్చియన్ కలిసి చెప్పింది ఏంటంటే, ఖర్చు మీద శాతం ఒప్పందం కాబట్టి ఖర్చు తగ్గించాలన్న ఆత్రం ఫిషర్‌కి లేదని, జనరల్ మోటార్స్ ప్లాంట్ల పక్కన బాడీ ప్లాంట్లు పెట్టడానికి ఒప్పుకోలేదని, జుట్టు చేతిలో పెట్టుకుని ఆడించారని. చదవడానికి బాగుంటుంది, పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. నోబెల్ తీసుకున్న రొనాల్డ్ కోస్ ఒప్పుకోలేదు. పాత కాగితాలు తిరగేసి 2000లో ఆయన చూపించింది, ఫిషర్ వాళ్ళు ప్లాంట్లు అవసరమైన చోట పెడుతూనే ఉన్నారని, అన్నదమ్ములు అప్పటికే జనరల్ మోటార్స్ పెద్దల్లో కలిసిపోయారని. నేను కోస్ వైపే. ఫ్రెడ్ ఫిషర్ 1920ల మొదట్లోనే జనరల్ మోటార్స్ పైకమిటీలో ఉన్నాడు, 1925లో లారెన్స్ ఫిషర్ క్యాడిలాక్‌కి ప్రెసిడెంటయ్యాడు. మోసం చేసేవాణ్ణి పిలిచి ఇంటి తాళాలు ఎవరిస్తారు? నాకనిపించేది, వాళ్ళు కొన్నది ప్లాంట్ల కోసమే కాదు, ఆ అన్నదమ్ముల కోసం కూడా. లారెన్స్ ఫిషరే లాస్ ఏంజిలస్‌లో సినిమా తారల కార్లకి విడి బాడీలు కట్టే షాపులో పనిచేస్తున్న హార్లీ ఎర్ల్‌ని చూసి పట్టుకొచ్చాడు, 1927 లాసాల్ కారు ఆయన గీసిందే, ఆ ఏడే జనరల్ మోటార్స్ డిజైన్ విభాగం పుట్టింది. బాడీ కట్టేవాణ్ణి కొంటే వచ్చే లాభం ఇలాంటిది, ఖర్చు లెక్కల్లో కనపడదు.

నష్టం కూడా ఉంది, అదీ చెప్పాలి. ఫిషర్ వాళ్ళకి సొంత అడవులు, కర్ర మిల్లులు ఉండేవి. బడ్ 1914 నుంచి అరుస్తున్నా, జనరల్ మోటార్స్ కార్ల బాడీల్లో కర్ర చట్రం 1930ల మధ్య దాకా ఉంది. 1935 మోడళ్ళకి ఒకే ఉక్కు రేకుతో కప్పు వేసి గొప్పగా చెప్పుకున్నారు, కింద మాత్రం చాలావాటికి ఇంకా కర్రే. బయట కొనుక్కునే కంపెనీ అయితే ఎవడు మంచి బాడీ చేస్తే వాడి దగ్గరికి పోతుంది. సొంత అడవి ఉన్నవాడికి ఆ అడవిని వదిలేయడం కష్టమని నేననుకుంటున్నాను.

ఫోర్డ్ మధ్యే మార్గం పట్టాడు. గనుల దగ్గర్నుంచి గాజు దాకా అన్నీ సొంతంగా చేసుకోవాలనుకునే హెన్రీ ఫోర్డ్ కూడా బాడీల్లో పూర్తిగా ఆ పని చెయ్యలేదు. 1927 చివర్లో వచ్చిన మోడల్ ఎ కారుకి కొన్ని బాడీలు తనే చేసుకున్నాడు, నాలుగు తలుపుల కార్ల బాడీలు ఎక్కువగా బ్రిగ్స్, మర్రే కంపెనీల చేత కట్టించాడు. (మర్రే అంటే 1924లో కొన్ని పాత షాపులు కలిసి ఏర్పడింది, అందులో 1903లో ఫోర్డ్‌కి 52 డాలర్లకి బాడీ ఇచ్చిన ఆ సి.ఆర్. విల్సన్ కూడా ఉంది.) ఇద్దర్ని పెట్టుకోవడం మంచి ఆలోచనే. అయినా 1933 జనవరిలో బ్రిగ్స్ కార్మికులు జీతాల కోత మీద సమ్మెకి దిగితే బాడీలు రాక ఫోర్డ్ ప్లాంట్లు మూసుకోవాల్సొచ్చింది.

బ్రిగ్స్ గురించి ఒక్కమాట చెప్పకుండా ముందుకి పోలేను. బయట కట్టించడం చవక అంటారు కదా, ఆ చవక ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగాలి. 1927 ఏప్రిల్ 23న డెట్రాయిట్‌లో బ్రిగ్స్ ప్లాంటులో పెయింట్ ఆవిర్లకి నిప్పంటుకుని 21 మంది చనిపోయారు. బాడీ బిల్లులో ఒక డాలరు తగ్గిందని సంతోషించే కారు కంపెనీ పేరు ఆ వార్తలో రాదు. ఏ దారి మేలు అని అడిగేటప్పుడు ఎవరికి మేలు అని కూడా అడగాలి, నేనైతే ఈ కారణంతో కూడా బయటి దారికి మార్కులు తగ్గిస్తాను.

సొంతంగా ఉంటే సమ్మె బాధ ఉండదా అంటే, ఉంటుంది. 1936 డిసెంబర్ 30న ఫ్లింట్‌లో ఫిషర్ బాడీ ఒకటో నంబరు ప్లాంటులో డైలని రైలుపెట్టెల్లోకి ఎక్కిస్తుంటే కార్మికులు చూశారు. యూనియన్ బలం తక్కువున్న ఊళ్ళకి పంపేస్తున్నారని అర్థమై పని ఆపి ప్లాంటులోనే కూర్చున్నారు. 44 రోజులు, 1937 ఫిబ్రవరి 11 దాకా. వాళ్ళకి తెలిసిన రహస్యం ఒక్కటే: జనరల్ మోటార్స్ బాడీలకి ముఖ్యమైన డైలు ఫ్లింట్‌లోనూ క్లీవ్‌లాండ్‌లోనూ మాత్రమే ఉన్నాయి, అవి ఆగితే షెవ్రొలే నుంచి క్యాడిలాక్ దాకా అన్నీ ఆగుతాయి. యజమాని ఎవరైనా డై ఒకే చోట ఉంటే ఆ చోటు పట్టుకుంటే మెడ పట్టుకున్నట్టే. అందుకే సొంతమా, బయటా అన్న ప్రశ్నతో సమానంగా ఎన్ని చోట్ల అన్న ప్రశ్న కూడా లెక్కలోకి తీసుకుంటాను.

ప్యాకర్డ్ కథ మాత్రం చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. అంత పేరున్న కంపెనీ, డెట్రాయిట్‌లో ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద అంత పెద్ద ఫ్యాక్టరీ, దశాబ్దాలు తన బాడీలు తనే చేసుకుంది. 1940ల మొదట్లో ఆ పని బ్రిగ్స్‌కి అప్పగించేసింది. అప్పుడు లెక్క సరిగ్గానే కనిపించి ఉంటుంది, డైల ఖర్చు ఆ సంఖ్యలో కార్లకి మోయలేనిది. కానీ ఒక్కడే సప్లయరు, ఆ ఒక్కడికి క్రైస్లర్ పెద్ద కస్టమరు. 1952లో వాల్టర్ బ్రిగ్స్ చనిపోయాడు, 1953 చివర్లో కుటుంబం అమెరికాలోని బాడీ ప్లాంట్లని దాదాపు 3.5 కోట్ల డాలర్లకి క్రైస్లర్‌కి అమ్మేసింది. అంటే ఒక్క సంతకంతో ప్యాకర్డ్ బాడీలు పోటీ కంపెనీ చేతిలోకి వెళ్ళాయి. 1954 మోడల్ దాకా ఇస్తాం, తర్వాత మీ దారి మీరు చూసుకోండన్నారు. ప్యాకర్డ్ పరుగెత్తి కానర్ అవెన్యూలో ఒక పాత బ్రిగ్స్ ప్లాంటుని క్రైస్లర్ దగ్గరే లీజుకి తీసుకుని, కొత్త ఇంజను, కొత్త సస్పెన్షన్ వస్తున్న ఏడాదే ఆ ఇరుకు చోట్లో బాడీల పని మొదలుపెట్టింది. 1955 కార్లు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవాటిలో లోపాలు. 1956లో డెట్రాయిట్‌లో ప్యాకర్డ్ తయారీ ఆగిపోయింది, 1958కి పేరు కూడా పోయింది. కేవలం బాడీల వల్లే పోయిందని అనను, అప్పటికి వేరే రోగాలు చాలా ఉన్నాయి. కానీ ఛాసిస్ సిద్ధంగా ఉండి బాడీ రాకపోవడం ఏంటో బాబాయి లారీ చూసిన నాకు ఆ 1954 డెట్రాయిట్ బాగానే అర్థమవుతుంది.

మరి చిన్న కంపెనీ ఏం చెయ్యాలి? నాకు నచ్చింది నాష్ అనే కారు కంపెనీ పద్ధతి. మిల్వాకీలో సీమన్ అనే బాడీ కంపెనీలో 1919లో సగం వాటా కొన్నారు, పూర్తిగా కొనడానికి 1936 దాకా ఆగారు. సగం వాటా ఉంటే రేపు ఇంకెవరికో అమ్మేస్తారన్న భయం ఉండదు, మొత్తం పెట్టుబడి భారం నెత్తి మీద పడదు. ప్యాకర్డ్ బ్రిగ్స్‌లో అలాంటి వాటా ఏదైనా పెట్టుకుని ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో.

ఇక్కడ నా వాదనకి ఎదురు నిలబడే ఉదాహరణ కూడా చెప్పాలి, దాచిపెడితే న్యాయం కాదు. అదే మిల్వాకీలో ఎ.ఒ. స్మిత్ అనే కంపెనీ కార్ల ఛాసిస్ ఫ్రేములు చేసేది. 1921లో దాదాపు మనిషి చెయ్యి తగలకుండానే ఫ్రేములు తయారుచేసే ప్లాంటు పెట్టింది. జనరల్ మోటార్స్ దశాబ్దాల పాటు దాని దగ్గర కొంది, దాన్ని మాత్రం కొనలేదు. ఫ్రేముకి కూడా విడిగా అచ్చులే, డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రానికి దూరం కూడా. అయినా ఎవరూ ఎవర్నీ ముంచలేదు. కోస్ ఎక్కువగా చూపించేది దీన్నే. నేనిచ్చుకునే సమాధానం ఏంటంటే, ఫ్రేము ఏటా మారదు, కారు కొనేవాడు దాన్ని చూడడు, బాడీ మాత్రం ఏటా మారాలి, షోరూంలో అమ్ముడుపోయేది అదే. ఏటా మారేదాని గురించి ప్రతి ఏడూ బయటివాడితో కొత్త బేరం కుదుర్చుకోవడం వేరు, ఒకసారి కుదిరినదాన్ని నడిపించడం వేరు.

కాబట్టి 1905లో నేను కారు కంపెనీ పెడితే మారుమాట లేకుండా బయట కట్టిస్తాను, ఇద్దరు ముగ్గురు దగ్గర. 1915లో డాడ్జ్ చేసినట్టు బడ్ దగ్గరికి పోతాను, ఎందుకంటే అంత తెలిసినవాడు అప్పుడు ఇంకొకడు లేడు. 1925లో ఏటా లక్షల కార్లు అమ్మగలిగితే ఫిషర్ లాంటివాణ్ణి కొంటాను, అమ్మలేకపోతే నాష్‌లా సగం వాటా పెడతాను. ప్యాకర్డ్‌లా ఒక్కడి మీదే ఆధారపడి, వాడిలో నాకు పైసా వాటా లేకుండా మాత్రం ఏ ఏడాదిలోనూ ఉండను.

ఇదంతా ఇప్పటికీ పనికొచ్చే చోటు ఒకటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో పాత కారు కొని బాగుచేయించుకోవాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, ముందు బాడీ ఎవరు కట్టారో చూడండి. 1937కి ముందు షెవ్రొలే అయితే తలుపు తెరిచి చేత్తో పైకెత్తి చూడండి, ఊగితే లోపల కర్ర కుళ్ళిందేమో చూసుకోవాల్సిందే, కర్ర చట్రం మొత్తం మళ్ళీ చేయించడం అంటే కారు ధర కంటే ఎక్కువవ్వచ్చు. ఉక్కు బాడీ డాడ్జ్‌లో ఎక్కువగా చూడాల్సింది తుప్పే. నాలుగు తలుపుల మోడల్ ఎ ఫోర్డ్ అయితే అది బ్రిగ్స్ బాడీయా, మర్రే బాడీయా తేల్చుకున్నాకే తలుపుల సామాను ఆర్డరివ్వండి, ఒకదానిది ఇంకోదానికి సరిపోదు.